వెలుతురు అని మార్చమన్నాను

ఆరేళ్ల ఫోను.
ఇక దీనికి కొత్తవేవీ పంపమని కంపెనీ చెప్పేసిందంట,
నాకు కాదు, ఫోనుకి.
ముందు బ్యాంకు యాప్ తలుపేసుకుంది,
తర్వాత రైలు టికెట్లది.
ఆ తర్వాత ఎవరూ ఏమీ అనకుండానే
అదే దారి మధ్యలో కూలబడ్డం మొదలెట్టింది.

మార్కాపురం, కంభం రోడ్డు, గాలిషా సెల్ పాయింట్.
"ఎనిమిదొందలిస్తా, వదిలెయ్" అన్నాడు గాలిషా.
వెనక స్టూలు మీద సోల్డరింగ్ పొగలో
వాళ్ల చెల్లెలు నాగూర్‌బీ, పాలిటెక్నిక్ పిల్ల,
తలెత్తకుండానే అంది:
"దీనికేం జబ్బు లేదు మామా.
కన్నోళ్లు వదిలేశారు, అంతే.
వేరేవాళ్లు పెంచుకుంటన్నారు. వాళ్లది ఎక్కించమంటావా?"

ఎవరమ్మా వాళ్లు?
"తెలీదు. ఒకాయనది ఏదో చలిదేశం.
ఒకామె పగలు ఉద్యోగం చేసి రాత్రి ఈ పని చేస్తది.
జీతం లేదు."
జీతం లేకుండా చేయించుకునేవాళ్లని చూశాను గానీ
చేసేవాళ్లని ఇదే వినడం.

తాళం తియ్యాలంటే కంపెనీని అడగాలంట.
అడిగితే ఏడు రోజులు ఆగమంది.
నా డబ్బుతో కొన్నది, నా జేబులో ఉన్నది,
దానికి ఏడు రోజుల వాయిదా.
సరే. నీళ్ల ట్యాంకరు కోసం ఇంతకంటే ఎక్కువే ఆగిన ఊరు మాది.

ఎనిమిదో రోజు
అక్షరాలూడిన ల్యాప్‌టాపు, ఎర్ర కేబులు.
సౌండు మీటా పవరు మీటా కలిపి నొక్కి పట్టుకోమంది. పట్టుకున్నాను.
"ఉన్నవన్నీ చెరిగిపోతాయి. సరేనా?"
చెరపడానికి నాకేం భయం?
ముప్పై ఏళ్లు ఉలి పెట్టి రాయిని పొరపొరగా చీల్చాను,
పిల్లలు ఉమ్మేసి మోచేత్తో తుడుచుకునే పలకల కోసం.
ఇప్పుడా పలకలు అడిగేవాళ్లు లేరు,
ఎవరి గోడలకో టైల్సు కోస్తన్నాం.

"మధ్యలో కరెంటు పోతే?"
"ఇటుకవుద్ది" అంది, నవ్వకుండా.
పలక ఇటుకవడం ఎప్పుడూ వినలేదు.

కరెంటు పోయింది.

ల్యాప్‌టాపులో పదకొండు శాతం.
గాలిషా ఆగిన ఫ్యాను వంక చూశాడు, తప్పంతా దానిదే అయినట్టు.
తెర మీద గుండ్రం తిరుగుతానే ఉంది,
తొమ్మిది శాతం, ఏడు,
నాగూర్‌బీ పెదాలు కదులుతున్నాయి, దువానో బూతో.
నాలుగు దగ్గర ఫోను తెల్లగా వెలిగింది.

లోను ఇస్తామనే మనిషి లేడు.
రమ్మీకి రమ్మనే పిల్ల లేదు.
ఊడ్చిన వసారాలాగుంది.

బ్యాంకు యాప్ మాత్రం ఒప్పుకోలేదు.
ఈ పరికరాన్ని నమ్మలేమంది.
మూడు నెలల జీతాలెగ్గొట్టిన మా ఓనర్ని
రెండుసార్లు నమ్మిన బ్యాంకే అది.
పోనీ. పాసుబుక్కు ఉంది, క్యూ ఉంది,
నా మోకాళ్లు ఇంకా పాత వెర్షన్ మీదే నడుస్తన్నాయి.

భాష తెలుగు పెట్టింది నాగూర్‌బీ.
పైనుంచి వేలితో లాగితే ఒక గీత, పక్కన చిన్న సూర్యుడు,
కింద "ప్రకాశం" అని.
మన జిల్లా పేరు ఇందులో ఎందుకుందమ్మా?
పిల్ల మొదటిసారి నవ్వింది.
"తెర ఎంత వెలగాలో చెప్పే గీత మామా అది."
అట్టయితే వెలుతురు అనొచ్చుగా.
నవ్వు ఆపి నా వంక చూసింది.
"అనొచ్చు. రాసి పంపుదామా? ఎవరైనా పంపొచ్చు."
ఐదో తరగతి చదివినోడు కూడానా?
"అది అడగరు."

ఇంటికొచ్చి ఎండలో ఏటవాలుగా పట్టుకుని చూశాను.
అడుగున, తెర లోపలే, లేతగా,
పాత కంపెనీ గుర్తులు మూడు: త్రికోణం, సున్నా, చదరం.
కాలి అంటుకుపోయినయ్యంట, పోవు.
తుడిచిన పలక మీద పోయినేటి ఎక్కం కనపడదా, అట్టాగే.
ఏడో ఎక్కం ఎప్పుడూ కనపడేది నాకు.

వాళ్లు ఒప్పుకుంటే వచ్చే నెలకి మారుద్దంట,
ఏ ఊళ్లో ఎవరి చేతిలో ఉన్నా సరే.
ఇంకా మారలేదు.
రోజూ పొద్దున చేతులకి రాతిదుమ్ము అంటకముందే
ఒకసారి వేలితో కిందకి లాగి చూసుకుంటాను.